పెరటి కుంటలో అడుగు చేపలు బతకాలంటే

ఇంటి ముందు చిన్న కుంట కట్టించామని చెబితే తిరుపతిలో చాలా అక్వేరియం షాపులవాళ్ళు రంగు చేపలతో పాటు ఒక సక్కర్ ఫిష్‌ను కూడా కవర్లో వేసిస్తారు. అడుగున చేరే చెత్తంతా అదే తినేస్తుందని, కుంట కడిగే పని తప్పుతుందని చెబుతారు. ఈ నమ్మకం ఎంత బలంగా పాతుకుపోయిందంటే, జెల్ల, బొమ్మిడాయి, మార్పు లాంటి మన చేపల్ని పెంచాలనుకునేవాళ్ళు కూడా మొదట అడిగేది అవి అడుగు శుభ్రం చేస్తాయా అనే. చేయవు. అడుగున తిరిగే చేప అక్కడి పురుగుల్ని, నత్తపిల్లల్ని, మిగిలిపోయిన మేతను తింటుంది. తిన్నదానికి తగ్గట్టు విసర్జిస్తుంది. కుంటలో ఒక చేప పెరిగితే చెత్త పెరుగుతుందే తప్ప తగ్గదు. పైన ఈదే చేప వదిలిన మురికి కిందికి జారిపోతుంది కాబట్టి ఆ చేపకు వెంటనే ఇబ్బంది ఉండదు. అడుగు చేపకు మాత్రం ఆ మురికే పడక, అదే కంచం.

కాబట్టి ఈ చేపల్ని పెంచడమంటే ముందు కుంట అడుగును పెంచడం. చిత్తూరు, తిరుపతి ప్రాంతాల చెరువుల్లో, ఏటి మడుగుల్లో పుట్టి పెరిగిన చేపలు మొండివే. ఎండిన చెరువు బురదలో కూడా ప్రాణం నిలుపుకునేవి వాటిలో ఉన్నాయి. అలాంటి చేప ఇంటి కుంటలో నెల తిరక్కుండా చచ్చిపోతోందంటే, చేప నాజూకుదని కాదు, దానికి దొరికిన అడుగు చెరువు అడుగులాంటిది కాదని.

చేపల విసర్జన, తినకుండా వదిలిన మేత, రాలిన ఆకులు, చచ్చిన నాచు, అన్నీ చివరికి చేరేది అడుగుకే. అక్కడ ఆక్సిజన్ ఉన్నంతవరకు ఒక రకం బ్యాక్టీరియా పని చేస్తుంది. చెత్త కుళ్ళగా వచ్చిన అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని మళ్ళీ అంతగా హాని లేని నైట్రేట్‌గా మారుస్తుంది. ఆక్సిజన్ అయిపోతే ఈ బ్యాక్టీరియా ఆగిపోయి, గాలి అక్కర్లేని మరో రకం పుంజుకుంటుంది. బురద నల్లబడుతుంది. కర్రతో కదిలిస్తే కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది. ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. చేపలకు అది చాలా తక్కువ మోతాదులోనే విషం. గట్టు మీది మనిషికి వాసన తెలిసేసరికి, ఆ బురదలో పొట్ట ఆనించి పడుకునే చేపకు ఎప్పుడో దెబ్బ తగిలి ఉంటుంది.

దీనికి మన ఎండ తోడవుతుంది. తిరుపతిలో ఏప్రిల్, మే నెలల్లో పగటి వేడి 40 డిగ్రీలు దాటడం మామూలే. నీళ్ళు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల నీళ్ళు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు. 30 డిగ్రీలకు అది ఏడున్నరకు, 35 డిగ్రీలకు ఏడుకు దిగుతుంది. ఇది నీళ్ళు పట్టగలిగినంత పట్టినప్పటి లెక్క. చెత్త కుళ్ళే అడుగున ఎప్పుడూ ఇంతకంటే తక్కువే ఉంటుంది. మరోపక్క వేడి పెరిగితే చేప ఒంట్లో పనులన్నీ వేగం పుంజుకుని దాని ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. దొరికేది తగ్గుతుంటే కావలసింది పెరుగుతుంది.

పైగా ఎండవేళ కుంట రెండు పొరలుగా విడిపోతుంది. పై నీళ్ళు వేడెక్కి తేలికవుతాయి. కింది నీళ్ళు చల్లగా, బరువుగా అక్కడే నిలిచిపోతాయి. గాలి లేని రోజుల్లో ఈ రెండూ కలవవు. చల్లదనం కిందుంటుంది, ఊపిరి పైనుంటుంది. రాత్రికి పై నీళ్ళు చల్లారి పొరలు కలుస్తాయి గానీ, వెలుతురు లేని వేళ నాచు, నీటిమొక్కలు కూడా ఆక్సిజన్‌ను తీసుకోవడమే తప్ప ఇవ్వవు. అందుకే తెల్లవారుజామున కుంటలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. సాయంత్రం బాగానే ఉన్న చేపలు పొద్దున లేచి చూసేసరికి తేలి ఉండటానికి చాలాసార్లు కారణం ఇదే. ఎండలు కాసి కాసి ఒక్కసారిగా మబ్బు పట్టి వాన కురిసిన మర్నాడు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. పగలంతా మబ్బు ఉంటే మొక్కలు ఆక్సిజన్‌ను తక్కువగా తయారు చేస్తాయి. చల్లటి వాననీళ్ళు కిందికి దిగి అడుగు మురికిని పైకి లేపుతాయి.

పలమనేరు, కుప్పం వైపు ఈ బాధ కాస్త తక్కువ. తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంటే పలమనేరు దాదాపు 680 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ వేసవి రాత్రులు చల్లబడతాయి, నీళ్ళకూ తెరిపి దొరుకుతుంది. పలమనేరులో మూడడుగుల లోతుతో నడిచిపోయే కుంటకు తిరుపతిలో, శ్రీకాళహస్తిలో నాలుగడుగులు కావాలి, పైన షేడ్ నెట్ కూడా కావాలి. ఇక్కడి ఇళ్ళకు ఒక అనుకూలత ఉంది. వాస్తు ప్రకారం నీళ్ళు ఈశాన్యాన ఉండాలని చాలామంది అక్కడే ఖాళీ వదులుతారు. ఇల్లు దానికి నైరుతిలో ఉంటుంది కాబట్టి, మధ్యాహ్నం దాటాక మండే పడమటి ఎండకు ఇల్లే అడ్డుపడుతుంది. పొద్దుటి ఎండ మాత్రం కుంటకు చక్కగా తగులుతుంది. చేపలకూ కలువలకూ ఇంతకంటే మంచి చోటు ఆ స్థలంలో దొరకదు.

ఏ చేపలు సరిపోతాయి

మన చెరువు చేపల్లో కొన్ని ఈ ఆక్సిజన్ చిక్కును తమ ఒంట్లోనే పరిష్కరించుకున్నాయి. మార్పుకు మొప్పల పైన చిన్న చెట్టు కొమ్మల్లా చీలిన అవయవం ఒకటుంటుంది. దానితో నేరుగా గాలి పీలుస్తుంది. ఇంగిలాయికి మొప్పల దగ్గర మొదలై వీపు వెంట తోక వైపు సాగే పొడవాటి గాలి సంచులున్నాయి. కొర్రమీనుకు, దాని చిన్న బంధువులైన మట్టగిడసలకు తలలోనే గాలి గది ఉంటుంది. ఇవి అప్పుడప్పుడు పైకి వచ్చి ఒక గుక్క గాలి తీసుకుని మళ్ళీ అడుగుకు చేరుకుంటాయి. వీటికి ఈ గాలి అవసరమే తప్ప అదనపు సౌకర్యం కాదు. పైకి రానివ్వకపోతే మంచి నీళ్ళలోనే ఊపిరాడక చచ్చిపోతాయి. కుంట మొత్తం అంతరతామర కమ్మేసినా, కొంగల కోసం వేసిన వల నీళ్ళ మీదికి జారి ఆనుకున్నా ఇదే జరుగుతుంది. నీటి పైభాగంలో కనీసం సగం ఎప్పుడూ తెరిచి ఉండాలి.

గాలి పీలుస్తాయి కదా అని ఈ గుంపును మొదటి కుంటకే ఎంచుకోవడం చాలామంది చేసే పని. ఊపిరి సంగతి సరే, మిగతా విషయాల్లో ఇవి తేలిక చేపలు కావు. కొర్రమీను రెండడుగులు దాటి పెరుగుతుంది, నోట్లో పట్టే ప్రతి చేపనూ మింగుతుంది, గట్టు తక్కువగా ఉంటే ఎగిరి బయటపడుతుంది. చిన్న కుంటలో కొర్రమీనును వేయాలంటే అదొక్కటే ఉండాలి. ఇంగిలాయి ఒంటి పక్క ముళ్ళలో విషం ఉంది. గుచ్చుకుంటే గంటల తరబడి భరించలేని నొప్పి. చర్మం కాలనంత వేడినీళ్ళలో ఆ చేతిని ముంచి ఉంచితే నొప్పి తగ్గుతుంది, వాపు పెరిగితే డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. పిల్లలు చేతులు పెట్టే కుంటలో ఈ చేప వద్దు. మార్పు వాన రాత్రి కుంట దాటి, తడి నేల మీద రెక్కల ఊతంతో పాకుతూ పోతుంది. దానికోసం గట్టు నీటిమట్టం కంటే అడుగున్నర ఎత్తులో, అంచు లోపలి వైపుకు వంగి ఉండాలి.

మార్పు విషయంలో మరో జాగ్రత్త ఉంది. మార్కెట్లో అదే పేరుతో అమ్మేవాటిలో ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ కూడా కలుస్తోంది. దాని పెంపకం మన దేశంలో నిషిద్ధం. నాటు మార్పు సాధారణంగా మూరెడు లోపే ఆగిపోతుంది. ఆఫ్రికన్ చేప ఒంటి మీద మచ్చలు మచ్చలుగా పాలరాతి చారల్లాంటి రంగుతో, కిలోల బరువు పెరుగుతుంది. నాటు మార్పు అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) జాబితాలో అంతరించే ముప్పున్న జాతిగా నమోదైంది. దాని పేరుతో దాని శత్రువును ఇంటికి తెచ్చుకోవడం కంటే అన్యాయం లేదు. పోల్చుకోలేనప్పుడు కొనకపోవడమే మంచిది.

ఈ గుంపులో పెరటి కుంటకు నిజంగా నప్పేది మట్టగిడస. జానెడు, మహా అయితే జానెడున్నర. బురద రంగు నీళ్ళలో కూడా ఇబ్బంది పడదు. జత కుదిరితే గుడ్లను, పిల్లల్ని తల్లిదండ్రులు కాపలా కాస్తాయి. ఒక చేప తన పిల్లల గుంపు కింద నిలబడి, దగ్గరికి వచ్చిన ప్రతిదాన్నీ తరమడం గట్టు మీద కూర్చుని చూడగలగడం ఏ రంగు చేపా ఇవ్వలేని ఆనందం.

రెండో గుంపు చిన్నవి, నెమ్మదైనవి. వీటిలో ముందు చెప్పుకోవలసింది తమిళులు అయిరై అని పిలిచే వేలెడంత ఇసుక చేప. శాస్త్రీయంగా లెపిడోసెఫాలిక్తిస్ థర్మాలిస్. సరిహద్దు తమిళ ఊళ్ళలో దీని పులుసుకు ఉన్న పేరు వల్ల చిత్తూరు వైపు కూడా చాలామందికి తెలుసు. ఇసుక రంగు ఒళ్ళు, దాని మీద మచ్చల వరస, నోటి చుట్టూ పొట్టి మీసాలు, కంటి కింద చిన్న ముల్లు. ఇసుకను నోటితో తీసుకుని, అందులోని పురుగుల్ని ఏరుకుని, మిగతాది మొప్పల గుండా వదిలేస్తుంది. భయమేస్తే క్షణంలో ఇసుకలోకి దూరిపోయి కళ్ళు మాత్రం బయట పెడుతుంది. ఆక్సిజన్ తగ్గితే గాలి మింగి పేగులతో పీల్చుకోగలదు. గుంపు చేప కాబట్టి ఒకటి రెండు కాకుండా పదీ పన్నెండు వేయాలి.

బొమ్మిడాయిల్లో పెద్ద జాతి రెండడుగులు దాటుతుంది కాబట్టి పెరటికి పనికిరాదు. జానెడు దగ్గర ఆగిపోయే చిన్న జాతి, మాక్రోగ్నాథస్ పాంకలస్, బాగా సరిపోతుంది. పగలంతా ఇసుకలో ముక్కు కొస మాత్రం బయట పెట్టి ఉంటుంది. చీకటి పడ్డాక బయటికి వస్తుంది. ఏ చిన్న సందు దొరికినా దూరిపోతుంది, పంపు గొట్టంలోకి కూడా. గొట్టాల మూతులన్నిటికీ సన్న జాలీ కట్టాలి. చారల జెల్ల కూడా మంచిదే, ఐదారు కలిసి ఉంటే పగలు కూడా తిరుగుతాయి. అయితే జెల్ల ప్రధానంగా మొప్పలనే నమ్ముకున్న చేప, తెల్లవారుజాము కష్టం దానికి ముందు తగులుతుంది. రాత్రిపూట తన నోట్లో పట్టే అయిరైలను అది మింగవచ్చు కూడా. రెండూ కలిపి వేయాలనుకుంటే అయిరైలు నిండుగా పెరిగినవై ఉండాలి. ఇసుకదొందు చూడటానికి ముచ్చటగా ఉంటుంది గానీ అది మాటు వేసి చిన్న చేపల్ని పట్టే వేటగాడు. విడిగా తప్ప వద్దు.

కొండ వాగుల్లో రాళ్ళకు అతుక్కుని ఉండే గర్రా చేపల మీద చాలామందికి మోజు. వాటికి పారే, చల్లటి, గాలి నిండిన నీళ్ళు కావాలి. నిలవనీటి కుంటలో అవి నిలవవు. అంతకంటే ముఖ్యమైన సంగతి, తలకోన లాంటి చోట్లు శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కులో ఉన్నాయి. శేషాచలం కొండల్ని 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించారు. అక్కడి నుంచి చేపను తేవడం చట్టరీత్యా నేరం. చట్టం లేకపోయినా తేకూడదు. వేసవిలో ఆ వాగు కొన్ని మడుగులుగా కుంచించుకుపోతుంది. మరుసటి ఏడాదికి ఆ వాగంతటికీ విత్తనం ఆ మడుగుల్లో మిగిలిన చేపలే.

మృగాల చేపను కూడా అడుగు చేపగా, మన చేపగా అమ్ముతారు. అడుగున మేసేదే, కానీ దాని సొంతగడ్డ గంగా పరీవాహక ప్రాంతం. మన స్వర్ణముఖి నదికి అది పెంపకం కోసం వచ్చిన చేప. కిలోల లెక్కన పెరుగుతుంది, పెరటి కుంటలో ఇరుకు పడుతుంది. బంగారుతీగ అయితే విదేశీ, పైగా అడుగంతా తవ్వి నీళ్ళను ఎప్పుడూ బురదగా ఉంచుతుంది, కలువ వేళ్ళను పీకేస్తుంది. జిలేబి చేప అడుగున గుంటలు తవ్వి గూళ్ళు కట్టి, చూస్తుండగానే కుంటంతా తానే అవుతుంది.

చేపల్ని ఎక్కడ తెచ్చుకోవాలన్నదానికి సూటి జవాబు, దగ్గరి ఊరి చెరువును లీజుకు తీసుకుని చేపలు పట్టేవాళ్ళ దగ్గర. వలలో పడిన చిన్న జెల్లల్ని, అయిరైలను వాళ్ళు పెద్దగా పట్టించుకోరు. ముందు చెప్పి ఉంచితే, వల లాగేటప్పుడే బకెట్టు నీళ్ళలో వేసి ఇస్తారు. వలకు చిక్కి ముళ్ళు విరిగినవి, ఒంటి జిగురు పోయినవి తీసుకోకూడదు.

అడుగు కట్టడం

ఈ ప్రాంతంలో చెరువు కట్టినవాళ్ళు తూము, మరవ లేకుండా ఎప్పుడూ కట్టలేదు. కింది నీళ్ళు వదలడానికి తూము, పైన పొర్లే నీళ్ళు పోవడానికి మరవ. ఇంటి కుంటలు కట్టే మేస్త్రీలు ఎక్కువగా ఈ రెండూ మరిచిపోయి నీళ్ళ తొట్టి కట్టేస్తారు. అడుగు ఒక మూలకు వాలుగా ఉండి, ఆ మూలలో రెండంగుళాల గొట్టం బయటికి వెళ్ళి, దానికొక వాల్వు ఉంటే వారానికి ఒకసారి తిప్పి అడుగు మురికి నీళ్ళను బయటికి పంపవచ్చు. అరటికి, కొబ్బరికి ఆ నీళ్ళు మంచి ఎరువు. అడుగు చేపల కుంటకు పంపు కంటే, ఫిల్టరు కంటే ముందు కావలసింది ఈ తూమే.

కొత్త సిమెంటు సున్నం వదులుతుంది. నీటి పీహెచ్, అంటే ఆమ్ల, క్షార గుణాల కొలత, 10 దాటుతుంది. అలాంటి నీళ్ళలో చేప మొప్పలు, చర్మం కాలిపోతాయి. మూడు నాలుగు వారాల పాటు నీళ్ళు నింపడం, రెండు మూడు రోజులు ఉంచి వదిలేయడం చేస్తూ ఉండాలి. అరటి బోదెల్ని ముక్కలు కోసి నానబెట్టే పద్ధతి పల్లెల్లో ఉంది, పని చేస్తుంది. ఎన్నిసార్లు కడిగామన్నది లెక్కలోకి రాదు. చివరిసారి నింపి వారం ఉంచిన నీళ్ళలో పీహెచ్ ఎనిమిదిన్నర దాటకపోతే సరిపోయినట్టు. పరీక్ష కిట్ అక్వేరియం షాపుల్లో దొరుకుతుంది.

ఇసుక విషయంలో రాజీ పడకూడదు. ఇళ్ళ పనులకు వాడే రోబో శాండ్ రాళ్ళను పగలగొట్టి చేసింది, ప్రతి రేణువుకూ పదునైన అంచులుంటాయి. ఇసుకలో దూరే బొమ్మిడాయి పొట్ట మీద, అయిరై మీసాల మీద అది రంపంలా పని చేస్తుంది. గాట్లు పడి, వాటిలో బూజు పట్టి చేప చనిపోతే రోగమనుకుంటారు. నీళ్ళలో దొర్లి గుండ్రబడిన సన్నటి ఏటి ఇసుకే కావాలి. ఒక కుంటకు నాలుగైదు బస్తాలు చాలు, అది కూడా బిల్లుతో కొన్నది. స్వర్ణముఖిలో ఎవరికివారు తవ్వుకుపోవడం వల్ల ఇప్పటికే జరిగిన నష్టం ఎక్కువ. జల్లించి, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి, ఒకటిన్నర నుంచి రెండంగుళాల మందాన పరచాలి. అంతకంటే మందమైతే కింది పొరకు ఆక్సిజన్ అందక నల్లబురద తయారవుతుంది. మన చెరువుల్లోనే దొరికే, మొన తేలిన సన్నటి నత్తల్ని కొన్ని వేస్తే అవి ఇసుకలో దూరుతూ తిరుగుతూ దాన్ని గుల్లగా ఉంచుతాయి. అడుగంతా ఇసుకతో కప్పనక్కర్లేదు. తూము ఉన్న వాలు మూలను ఖాళీగా వదిలేస్తే మురికి అక్కడికి చేరుతుంది.

దాక్కునే చోట్లకు లోటుండకూడదు. పగిలిన కుండలు, మంగళూరు పెంకులు, అరడుగు పీవీసీ గొట్టం ముక్కలు, రెండు రాళ్ళ మీద పరిచిన బండ, ఏదైనా సరే. చేపల సంఖ్య కంటే చోట్ల సంఖ్య ఎక్కువ ఉండాలి, లేకపోతే బలమైనది మిగతావాటిని ఎండలోకి తరుముతుంది. లోపల చేయి పెట్టి తడిమి చూడవద్దు, జెల్ల ముల్లు కూడా తక్కువది కాదు.

పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, మూడడుగుల లోతున్న కుంటలో సుమారు 5,000 లీటర్ల నీళ్ళు పడతాయి. దీనికి డజను అయిరైలు, ఆరు జెల్లలు, రెండు మూడు చిన్న బొమ్మిడాయిలు, పైన తిరిగే చిన్న చేపలు కొన్ని. చూడటానికి కుంట ఖాళీగా అనిపిస్తుంది. మే నెల తెల్లవారుజామును దృష్టిలో పెట్టుకుంటే అది సరైన లెక్క.

నీళ్ళు, మేత, గాలి

బోరు నీళ్ళు వెయ్యి అడుగుల లోతు నుంచి వచ్చే ఊళ్ళు ఇక్కడ చాలా ఉన్నాయి. అంత లోతు నుంచి వచ్చే నీళ్ళలో ఆక్సిజన్ దాదాపు ఉండదు, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. నేరుగా కుంటలోకి గొట్టం పెడితే ఆ నీళ్ళు అడుగుకు చేరి అక్కడి చేపల్ని ఉక్కిరిబిక్కిరి చేస్తాయి. ఎత్తు నుంచి రాళ్ళ మీద పడి చిట్లేలా వదలాలి. మున్సిపల్ నీళ్ళయితే క్లోరిన్ పోవడానికి ఒక రోజు తొట్టిలో నిలబెట్టాలి. వేసవిలో ఆవిరికి వారానికి రెండంగుళాల నీళ్ళు తగ్గడం మామూలే. తగ్గినంత పోస్తూ పోతే లవణాలు, కాఠిన్యం పేరుకుపోతాయి, ఎందుకంటే ఆవిరి నీళ్ళను తీసుకుపోతుంది, ఉప్పును వదిలేస్తుంది. తూము తిప్పి కొంత వదిలి, తర్వాత పోయాలి.

నాచుతో పచ్చబడిన కుంటల్లో మధ్యాహ్నానికి పీహెచ్ 9 దాకా పోతుంది. ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకోవాలి. 30 డిగ్రీల నీళ్ళలో పీహెచ్ 7 ఉంటే, ఉన్న అమ్మోనియాలో చేపకు విషమయ్యే రూపం ఒక శాతం లోపే. అదే పీహెచ్ 9 అయితే 40 శాతం దాటుతుంది. అంటే పొద్దున హాని చేయని అమ్మోనియాయే మధ్యాహ్నానికి చంపగలదు. వేసవిలో మేత తగ్గించమని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే.

మేత పొద్దుగూకాక వేయాలి. అడుగు చేపలు ఎక్కువగా మసక వెలుతురులో, చీకట్లో మేసేవి. పగలు వేసిన తేలే గుళికలు పైచేపలకు పోతాయి, కిందివి పస్తుంటాయి. కుంట నిండా చేపలుండి మేత బాగా వేస్తున్నా జెల్లలు బక్కచిక్కిపోవడానికి కారణం ఇదే. మునిగే గుళికలు, తరిగిన ఎర్రలు, నానబెట్టిన చెనక్కాయల చెక్క కొద్దిగా. దీన్ని అడుగంతా చల్లకుండా, తాడు కట్టిన మట్టి మూకుట్లో పెట్టి దించితే గంట తర్వాత పైకి లాగి ఎంత మిగిలిందో చూడవచ్చు. గూడూరు, కోట వైపు రొయ్యల గుంటల దగ్గర చెక్ ట్రే వాడేది ఇందుకే. మిగిలితే మర్నాటికి తగ్గించాలి. మిగిలింది కుళ్ళేది చేపలు పడుకునే చోటే కదా.

నీళ్ళలోకి గాలి ఊదే ఏరేటర్ పెట్టేవాళ్ళు చాలామంది పగలు వేసి రాత్రి ఆపేస్తారు, చప్పుడుకు నిద్ర పట్టదని. తిప్పి చేయాలి. పగటి ఎండలో దాన్ని నడిపితే పైన కాగిన నీళ్ళు కిందికి చేరి చేపలకున్న చల్లటి చోటు కూడా పోతుంది. రాత్రి పది నుంచి పొద్దెక్కేవరకు నడపాలి. దాని గొట్టం చివర బుడగలు వదిలే గాలి రాయిని నేల మీద పెట్టకుండా అరడుగు ఎత్తులో వేలాడదీస్తే అడుగు మురికి లేవదు. కరెంటు పోయే ఊళ్ళలో చిన్న బ్యాటరీ ఏరేటర్ ఉంటే టెన్షన్ ఉండదు. అది కూడా కుదరని ఇంట్లో జెల్లల జోలికి పోకుండా మట్టగిడసలతో సరిపెట్టుకోవాలి.

దోమల సంగతి విడిగా చూసుకోవాలి. దోమ పిల్లలు నీటి పైభాగాన ఊపిరి తీసుకుంటాయి, అడుగు చేపలకు అవి పెద్దగా అందవు. నెత్తి మీద తెల్లటి చుక్కతో నీటి అంచున తిరిగే పంచాక్స్ చేపలు, చిన్న పరిగెలు పది వేస్తే సరిపోతుంది. అవి కూడా మన చెరువులవే. దోమల కోసమని వదిలే విదేశీ చేపలు గంబూసియా, గప్పీలు అక్కర్లేదు. లకుముకి పిట్ట, కొంగ, నీరుకట్టె పాము, పిల్లి వచ్చే చోట్ల వల తప్పదు, నీటి మీద ఒక అడుగు ఎత్తులో బిగువుగా.

వానలు వచ్చినప్పుడు

ఈ ప్రాంతానికి గట్టి వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులై పారడం, రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింది ఊళ్ళను ఖాళీ చేయించడం ఇక్కడివాళ్ళు మరిచిపోలేదు. అలాంటి రాత్రి పెరటి కుంట పొర్లితే, అందులోవి కాలువ పట్టుకుని స్వర్ణముఖి దాకా పోగలవు. సక్కర్ ఫిష్‌తో జరిగింది ఇలాంటిదే. దక్షిణ అమెరికా నుంచి అక్వేరియాల కోసం వచ్చిన ఆ చేప ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ చెరువుల్లో, కాలువల్లో దెయ్యం చేప పేరుతో వలలు చింపుతోంది. గట్టి ముళ్ళ కవచం ఉండటం వల్ల దాన్ని తినే జీవులు తక్కువ. ఏదో ఒక ఇంట్లో పెద్దదైపోయిందని తీసుకెళ్ళి వదిలినవి, కుంటలు పొర్లి పోయినవి, ఇవే దాని మూలం. మన జాతుల్ని పెంచడానికి ఇంతకంటే బలమైన కారణం అక్కర్లేదు. మన చేపలున్నా సరే మరవ మూతికి సన్న జాలీ ఉండాల్సిందే, ఎందుకంటే కుంటలో పుట్టిన రోగం కూడా నీళ్ళతో పాటు పోతుంది. ఎక్కువైన చేపల్ని చెరువులో వదలకుండా, పెంచేవాళ్ళకు ఇవ్వడమో వండుకోవడమో చేయాలి.

ఆ రోగాల్లో పెద్దది పుండ్ల వ్యాధి. మన దేశంలో 1988లో తొలిసారి బయటపడింది. ఒక రకం నీటి బూజు వల్ల వస్తుంది. ముందు ఎర్ర మచ్చలు, తర్వాత కండ కనిపించే పుండ్లు. కొర్రమీను జాతి మీద దీని దెబ్బ ఎక్కువ. వానలు వెలిసి చలి మొదలయ్యే నవంబరు నుంచి జనవరి దాకా దీని కాలం. ఆ నెలల్లో బయటి చేపను కుంటలోకి తేకూడదు. ఎప్పుడు తెచ్చినా రెండు వారాలు వేరే తొట్టిలో ఉంచాలి. మామూలు చేపలకు లీటరుకు 3 గ్రాముల రాళ్ళుప్పు వేస్తారు గానీ, జెల్ల, మార్పు లాంటి పొలుసు లేనివాటికి, అయిరై లాంటి ఉందా లేదా అన్నంత పొలుసున్నవాటికి సగంతో మొదలుపెట్టాలి. షాపుల్లో దొరికే నీలం, పచ్చ మందులు కూడా వీటికి సీసా మీద రాసిన మోతాదులో వేస్తే రోగం కంటే ముందు మందే చంపుతుంది.

చేపలు వేయడానికి అన్నివిధాలా అనువైన కాలం ఫిబ్రవరి. చలి తగ్గుతుంది, ఎండ ముదరదు, చెరువుల్లో నీళ్ళు తగ్గి చేపలు పట్టడం మొదలవుతుంది. అప్పటికి కుంట నిండి రెండు నెలలైనా అయి, అడుగున మంచి బ్యాక్టీరియా, పురుగు, నత్త పట్టుకుని ఉండాలి. అందుకు వాననీళ్ళకంటే మంచి నీళ్ళు లేవు కాబట్టి, సిమెంటు పని, కడగడం దసరా నాటికి ముగించి, కుంటను నవంబరు వానలకు ఖాళీగా సిద్ధం చేసుకోవాలి.